గ్నూ/లినక్స్ నామవివాదం: జగ్గయ్యపేట, నందిగామ స్థలనామాల వెలుగులో ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో రూపొందిన ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌ను ‘లినక్స్’ అనాలా, ‘గ్నూ/లినక్స్’ అనాలా అన్న వివాదం 1990ల నడుమ మొదలై నేటికీ సమసిపోలేదు. ఈ వ్యాసం ఆ వివాదం పుట్టుపూర్వోత్తరాలను వివరించి, దానిని పూర్వపు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలోని రెండు ఊళ్ల నామచరిత్రతో పోల్చి చూస్తుంది. నామకరణంలో రూఢికీ యోగానికీ గల సంబంధాన్ని మన శాస్త్రసంప్రదాయం ఎలా గుర్తించిందో చర్చించి, తెలుగు రచనలో ఈ పేరును ఎలా వాడవచ్చో ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: గ్నూ, లినక్స్, స్వేచ్ఛ, స్థలనామం, రూఢి, యోగం, ఛత్రిన్యాయం, జగ్గయ్యపేట, నందిగామ.

1. ఉపోద్ఘాతం

ఒక వస్తువును పలువురు కలిసి నిర్మించినప్పుడు అది ఎవరి పేరుతో చెలామణి కావాలి? ఈ ప్రశ్న కొత్తది కాదు. గుడి కట్టించిన రాజు పేరు శాసనంలో ఉంటుంది. రాయి చెక్కిన శిల్పి పేరు తరచు ఉండదు. చెరువు తవ్వించినవారి పేరు చెరువుకు నిలుస్తుంది. తవ్వినవారి పేరు నిలవదు. కంప్యూటర్ యుగంలో ఇదే ప్రశ్న ఒక ఆపరేటింగ్ సిస్టమ్ పేరు చుట్టూ తిరిగి తలెత్తింది. ఆ చర్చ ప్రధానంగా సాంకేతిక నిపుణుల మధ్య, ఆంగ్లంలో సాగింది. అయితే దాని మూలంలో ఉన్నది సాంకేతిక సమస్య కాదు, నామవిజ్ఞాన సమస్య. అందువల్ల స్థలనామాలనూ ఇంటిపేర్లనూ సమాసాలనూ పరిశీలించే తెలుగు పరిశోధకులకు ఈ విషయంలో చెప్పదగినది కొంత ఉంది.

పోలికకు జగ్గయ్యపేట, నందిగామలను ఎంచుకోవడానికి కారణం స్పష్టం. మొదటి ఊరు చరిత్రలో కనీసం మూడు పేర్లను చూసింది. రెండవ ఊరు ప్రాకృత రూపమున్న పేరును నేటికీ నిలుపుకుంది. పేరు మారడం వల్ల ఏమి పోతుందో, మారకపోయినా ఏ చిక్కు వస్తుందో ఈ రెండూ కలిసి చూపిస్తాయి.

2. గ్నూ నుంచి లినక్స్ దాకా

అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పనిచేస్తున్న రిచర్డ్ స్టాల్మన్ 1983 సెప్టెంబర్ 27న ఒక ప్రకటన చేశారు. యూనిక్స్‌తో పొసిగే ఒక సంపూర్ణ ఆపరేటింగ్ సిస్టమ్‌ను నిర్మించి, దానిని అందరూ స్వేచ్ఛగా వాడుకొనేలా, మార్చుకొనేలా, పంచుకొనేలా అందిస్తామన్నది ఆ ప్రకటన సారాంశం. దానికి ఆయన పెట్టిన పేరు ‘గ్నూ’. ‘గ్నూ అంటే యూనిక్స్ కాదు’ అన్న అర్థమిచ్చే ఆంగ్ల వాక్యంలోని పొడి అక్షరాలతో ఆ పేరు ఏర్పడింది. అందులోని మొదటి అక్షరం తిరిగి ఆ పేరునే సూచిస్తుంది. మరొకదానిని కాదనడం ద్వారా తనను తాను నిర్వచించుకొన్న పేరు ఇది.

1984 జనవరిలో పని మొదలైంది. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఏర్పడింది. ఈమాక్స్ అనే రచనా సాధనం, జీసీసీ అనే కంపైలర్, బాష్ అనే ఆదేశ సాధనం, సీ భాషా గ్రంథాలయం ఒక్కటొక్కటిగా సిద్ధమయ్యాయి. 1989లో జనరల్ పబ్లిక్ లైసెన్సు తొలి రూపం, 1991లో రెండవ రూపం వెలువడ్డాయి. ఇల్లు దాదాపు కట్టడమైంది, లోపించినది కెర్నెల్. యంత్రభాగాలకూ ప్రోగ్రాములకూ నడుమ ఉండి, ఎవరికి ఎంత సమయం, ఎంత జ్ఞాపకస్థలం ఇవ్వాలో నిర్ణయించే కేంద్రభాగమే కెర్నెల్. దానికోసం 1990లో మొదలుపెట్టిన ‘హర్డ్’ అనుకున్న వేగంతో సాగలేదు.

ఆ లోటును మరొకచోట, మరొక ఉద్దేశంతో, మరొక వ్యక్తి తీర్చారు. ఫిన్లండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ 1991 ఆగస్టు 25న తాను ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నట్లు ప్రకటించారు. అది సరదా పని మాత్రమేననీ, గ్నూ వంటి పెద్ద ప్రయత్నం కాదనీ ఆయనే చెప్పుకున్నారు. బాష్, జీసీసీ అప్పటికే దానిపై నడుస్తున్నాయని కూడా అందులోనే పేర్కొన్నారు. తరువాతి వివాదంలో రెండు పక్షాలకూ ఆధారమైన విషయాలు ఆ చిన్న ప్రకటనలోనే ఉన్నాయన్నది గమనార్హం.

‘లినక్స్’ అన్న పేరు టోర్వాల్డ్స్ బహిరంగంగా ఎంచుకున్నది కాదు. తన పేరును తానే పెట్టుకోవడం అహంకారమనిపిస్తుందని ఆయన దానిని ‘ఫ్రీయాక్స్’ అని పిలవాలనుకున్నారు. దస్త్రాలను అందరికీ అందుబాటులో ఉంచిన సర్వర్ నిర్వాహకులు ఆరీ లెమ్కే మాత్రం ఆ విభాగానికి ‘లినక్స్’ అని పేరు పెట్టారు. ఆ పేరే స్థిరపడింది. 1992లో టోర్వాల్డ్స్ తన కెర్నెల్‌ను గ్నూ లైసెన్సు కిందికి తెచ్చారు. ఈ నిర్ణయంతో రెండు నిర్మాణాలు కలిసి ఒకే వ్యవస్థగా ప్రపంచమంతా వ్యాపించాయి. 1994 మార్చిలో కెర్నెల్ 1.0 రూపం వెలువడింది.

3. వివాద స్వరూపం

రెండూ కలిసిన వ్యవస్థను జనం కెర్నెల్ పేరుతోనే ‘లినక్స్’ అనసాగారు. 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్ మాత్రం, ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఆదరణ పొందిన దశలో, ‘డెబియన్ గ్నూ/లినక్స్’ అన్న పేరును స్వీకరించి నిలుపుకుంది. 1996 మేలో వెలువడిన ఈమాక్స్ 19.31లో స్టాల్మన్ రెండు పేర్లనూ కలగలిపి ‘లిగ్నక్స్’ అన్న రూపాన్ని ప్రవేశపెట్టారు. దానిపై ఆక్షేపణలు రావడంతో ఆ రూపాన్ని విడిచి, ‘గ్నూ/లినక్స్’ అన్న పేరునే ప్రచారం చేశారు.

ఆయన వాదంలో మూడు అంశాలున్నాయి. మొదటిది శ్రమకు గుర్తింపు. పంపిణీలోని సోర్స్ కోడ్‌ను ఒక సీడీ విక్రేత లెక్కించగా గ్నూ భాగం సుమారు 28 శాతం, లినక్స్ కెర్నెల్ సుమారు 3 శాతం తేలాయని ఆయన తమ వ్యాసంలో పేర్కొన్నారు. రెండవది సంకల్పం. ఇతరులు విడి ప్రోగ్రాములు రాశారు. సంపూర్ణ వ్యవస్థను నిర్మించాలన్న సంకల్పంతో బయలుదేరినది గ్నూ. మూడవది, ఆయన దృష్టిలో అన్నింటికన్నా ముఖ్యమైనది, ఆశయం. గ్నూ పేరు వినబడకపోతే ఆ వ్యవస్థ ఏ స్వేచ్ఛ కోసం పుట్టిందో వాడేవారికి తెలియకుండా పోతుంది. దానిని వారు సమర్థమైన, చవకైన సాధనంగా మాత్రమే చూస్తారు.

ప్రతివాదాలూ బలమైనవే. తెరపై కనిపించే చిత్రవ్యవస్థకు ఆధారమైన ఎక్స్ విండో మసాచుసెట్స్ నుంచి వచ్చింది. బర్క్‌లీ నుంచి వచ్చిన సాధనాలూ ఉన్నాయి. అందరి పేర్లూ చేర్చితే పేరు చాంతాడవుతుంది. వాడుకలో చిన్న పేరు స్థిరపడ్డాక దానిని మార్చడం ఎవరి తరం? 2001 నాటి ‘రివల్యూషన్ ఓఎస్’ అనే డాక్యుమెంటరీలో టోర్వాల్డ్స్ స్పందిస్తూ, గ్నూ వారు తమదైన పంపిణీ తయారుచేస్తే దానికి ఆ పేరు సమంజసమేననీ, మొత్తం లినక్స్‌కే ఆ పేరు తగిలించడం హాస్యాస్పదమనీ అభిప్రాయపడ్డారు.

కాలం ఈ చర్చకు కొత్త సాక్ష్యాన్ని చేర్చింది. 2008లో వెలువడిన ఆండ్రాయిడ్ లినక్స్ కెర్నెల్‌పై నడుస్తుంది, కాని దానిలో గ్నూ వ్యవస్థ లేదు. ఆల్పైన్ వంటి పంపిణీలు గ్నూ గ్రంథాలయానికి బదులు వేరొకదానిని వాడతాయి. డెబియన్ సంఘమే లినక్స్ స్థానంలో ఫ్రీబీఎస్‌డీ కెర్నెల్‌ను ఉంచి గ్నూ వ్యవస్థను నడిపి చూపింది. అంటే ఈ రెండూ విడదీయదగిన భాగాలని అనుభవంలో రుజువైంది. ‘లినక్స్’ అన్న ఒక్క మాట ఇప్పుడు కెర్నెల్‌నూ, దానిపై ఆధారపడిన పరస్పర భిన్నమైన వ్యవస్థలనూ చెప్పవలసి వస్తున్నది.

4. మెట్ట సీమ సాక్ష్యం

కృష్ణా నదికి ఉత్తరాన, హైదరాబాదు–విజయవాడ రహదారి మీద ఉన్న జగ్గయ్యపేట పూర్వనామం బేతవోలు. చింతపల్లి, తరువాత అమరావతి కేంద్రంగా 18వ శతాబ్ది చివర, 19వ శతాబ్ది ఆరంభంలో పాలించిన వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు ఈ ఊరిని అభివృద్ధి చేసి తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టారు. బేతవోలు అన్న పాత పేరు ఊరిలో ఒక భాగానికి నిలిచింది. తెలుగునాట ఇంటిపేరుగానూ నిలిచింది. మొత్తానికి ఉన్న పేరు భాగానికి కుదించుకొనిపోవడం ఇక్కడ గమనించాలి. లినక్స్ విషయంలో దీనికి విపర్యయం జరిగింది: భాగానికి ఉన్న పేరు మొత్తానికి వ్యాపించింది.

అయితే బేతవోలును ‘అసలు పేరు’ అనవచ్చునా? ‘వోలు’ అన్నది పురవాచకమైన ‘ప్రోలు’ నుంచి వచ్చిన రూపం. ‘బేత’ కాకతీయ వంశంలోనూ కనిపించే వ్యక్తినామం. కాబట్టి ఆ పేరు కూడా ఒక వ్యక్తి జ్ఞాపకంగా ఏర్పడి ఉండే అవకాశముంది. దానికి ఎంతో ముందే ఈ నేలకు మరొక పేరు ఉంది. ఊరి చేరువలోని ధనబోడు అనే దిబ్బలో బయల్పడిన బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ పరిశోధించి, అమరావతి స్తూపంతో కలిపి 1887లో గ్రంథంగా ప్రకటించారు. అక్కడ దొరికిన ప్రాకృత శాసనం ఇక్ష్వాకు రాజు మాఠరీపుత్ర వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరానికి చెందినది. కమ్మకరాష్ట్రంలోని నడతూరుకు చెందిన శిల్పకారుని కుమారుడు, తానూ శిల్పకారుడే అయిన సిద్ధార్థుడు తన కుటుంబంతో కలిసి వేలగిరిలోని మహాచైత్యపు తూర్పు ద్వారం వద్ద ఐదు ఆయక స్తంభాలు నిలిపినట్లు అది చెబుతుంది. అప్పటికి ఆ ఊరి పేరు వేలగిరి.

ఈ శాసనం మన చర్చకు రెండు విధాల ముఖ్యం. ఒకటి, ఇక్కడ పేరు చెక్కించుకున్నవాడు పనివాడు. రాజు పేరు కాలాన్ని గుర్తించడానికి వచ్చింది. దానం పేరు శిల్పిది. రెండు, ఆ పేరు శాసనంలో ఉన్నంతమాత్రాన జనస్మృతిలో నిలవలేదు. దిబ్బ కింద పూడిన రాయి మీద సిద్ధార్థుని పేరు చెక్కుచెదరకుండా ఉంది. పైన నడిచినవారికి ఆ దిబ్బ ‘ధనబోడు’, అంటే నిధి దాగిన దిబ్బ. గ్నూ శ్రమకు గుర్తింపు ప్రతి పంపిణీలోని లైసెన్సు పత్రాలలో, కోడ్ ఆరంభ పంక్తులలో ఉండనే ఉందికదా అనేవారు ఈ ఉదాహరణను ఆలోచించాలి. అవి చెరగనివే, కాని ఎవరూ చదవనివి. శాసనం సాక్ష్యాన్ని కాపాడుతుంది. జ్ఞాపకాన్ని కాపాడేది వ్యవహారనామమే. స్టాల్మన్ పట్టుదలకు కారణం ఇక్కడ అర్థమవుతుంది.

అదే సమయంలో ప్రతివాదానికీ ఇక్కడ బలముంది. బేతవోలు కంటే ముందు వేలగిరి ఉన్నట్లే, గ్నూ కంటే ముందు యూనిక్స్ ఉంది. 1969లో బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలుపెట్టిన ఆ వ్యవస్థ రూపురేఖలనే గ్నూ అనుసరించింది. పేరులోనే దానిని కాదంటూ, ఆ కాదనడంలోనే దానిని స్మరించింది. మూలాన్ని వెతుక్కుంటూ పోతే ప్రతి మూలం కింద మరొక మూలం తేలుతుంది. ఎక్కడో ఒకచోట ఆగవలసిందే. ఎక్కడ ఆగాలన్నది చరిత్ర మాత్రమే చెప్పలేదు. మనం దేనిని విలువైనదిగా భావిస్తామన్నది కూడా అందులో ఉంది.

ఇక నందిగామ సంగతి వేరు. ‘గామ’ అన్నది ‘గ్రామ’ శబ్దానికి ప్రాకృత రూపం. ఆ రూపం నేటి వ్యవహారంలోనూ చెక్కుచెదరలేదు. ఇక్కడ పేరు కోసం తగవు లేదు. కాని ఇదే పేరు మరికొన్ని ఊళ్లకూ ఉంది. రంగారెడ్డి జిల్లాలో ఒక నందిగామ ఉంది. శ్రీకాకుళం జిల్లాలో నందిగాం ఉంది. అందుకే ఉత్తరం మీద, దస్తావేజు మీద ‘నందిగామ, కృష్ణా జిల్లా’ అని రాయడం అలవాటైంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనలో నందిగామ, జగ్గయ్యపేట ఎన్టీఆర్ జిల్లాలోకి రాగా ఆ విశేషణమూ మారింది. ఊరిలో ఉన్నవారికి విశేషణం అక్కరలేదు. బయటివారికి అది లేకుంటే ఉత్తరం చేరదు. ఆండ్రాయిడ్ వచ్చిన తరువాత ‘లినక్స్’ పరిస్థితి ఇదే. గ్నూ అన్న విశేషణం ఇక కృతజ్ఞతా చిహ్నం మాత్రమే కాదు, చిరునామా కూడా.

5. రూఢి, యోగం, న్యాయాలు

పదం అర్థాన్నిచ్చే తీరును మన శాస్త్రకారులు రూఢం, యౌగికం, యోగరూఢం అని విభజించారు. అవయవార్థంతో పనిలేకుండా ప్రసిద్ధిచేత అర్థాన్నిచ్చేది రూఢం. అవయవార్థాన్ని బట్టి అర్థాన్నిచ్చేది యౌగికం. ‘పంకజం’ వలె అవయవార్థమూ ప్రసిద్ధీ కలిసినది యోగరూఢం. వ్యవస్థకు ‘లినక్స్’ రూఢనామం, ‘గ్నూ/లినక్స్’ యౌగికనామం. యోగం కంటే రూఢి బలీయమన్నది శాస్త్రనిర్ణయం. జనం యౌగికనామాన్ని విడిచి రూఢనామాన్ని పట్టుకోవడంలో విచిత్రమేమీ లేదు.

భాగం పేరుతో సమూహాన్ని పిలవడాన్ని వివరించే ఛత్రిన్యాయం ఇక్కడ సరిగ్గా వర్తిస్తుంది. గుంపులో కొందరి చేతుల్లోనే గొడుగులున్నా, దూరం నుంచి చూసినవాడు ‘గొడుగులవాళ్లు పోతున్నారు’ అంటాడు. గొడుగు లేనివారినీ ఆ మాట కలుపుకుంటుంది. అది అబద్ధం కాదు, అజహల్లక్షణ. 1990లలో దూరం నుంచి కనిపించిన గొడుగు లినక్స్. అయితే గొడుగు లేనివారెవరని అడిగినవానికి జవాబు చెప్పవలసిన బాధ్యత ఆ మాట అన్నవానికి ఉంటుంది.

ప్రాధాన్యాన్ని బట్టి పేరు అన్నది మరొక న్యాయం. మల్లులు ఎక్కువగా ఉన్న ఊరు మల్లగ్రామం. అందులో ఇతరులు లేరని దాని అర్థం కాదు. ఈ న్యాయాన్ని ఉభయపక్షాలూ అంగీకరిస్తాయి. భేదం ప్రాధాన్యాన్ని కొలిచే కొలబద్ద దగ్గర వస్తుంది. పరిమాణంతో కొలిస్తే గ్నూ, అది లేక ఆగిపోయిన లోటుతో కొలిస్తే కెర్నెల్, ప్రసిద్ధితో కొలిస్తే లినక్స్, సంకల్పంతో కొలిస్తే తిరిగి గ్నూ. ఇన్నేళ్ల వాదం తెగకపోవడానికి కారణం వాస్తవాల మీద భేదం కాదు, కొలబద్దల మీద భేదం.

6. తెలుగులో ఈ పేరు

తెలుగు లిపిలోకి వచ్చేసరికి ఈ పేరుకు కొన్ని ప్రత్యేక లక్షణాలు ఏర్పడతాయి. ఆంగ్లంలో ‘గ్నూ’ అన్న జంతునామంలో తొలి గకారం పలకదు. తమ వ్యవస్థ పేరులో దానిని పలకాలని స్టాల్మన్ పదేపదే చెప్పవలసి వచ్చింది. తెలుగులో ‘గ్న’ సంయుక్తాక్షరం అగ్ని, భగ్నం వంటి పదాలలో సుపరిచితం. రాసినదే పలికే లిపిలో ఆ హెచ్చరిక అవసరం లేదు. రెండవ పదానికి మాత్రం లినక్స్, లైనక్స్ అన్న రెండు రూపాలూ వాడుకలో ఉన్నాయి. టోర్వాల్డ్స్ ఉచ్చారణకు మొదటిదే చేరువ.

నడుమ ఉన్న వాలుగీత అసలు చిక్కు. దానిని తీసివేసి ‘గ్నూ లినక్స్’ అంటే తెలుగు పాఠకుడు సహజంగా షష్ఠీ తత్పురుషగా, ‘గ్నూ యొక్క లినక్స్’గా గ్రహిస్తాడు. అది చారిత్రకంగా తప్పు. లినక్స్ గ్నూ రాసినది కాదు. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ కూడా ఈ కారణంగానే గీతను పలకమంటుంది. ద్వంద్వంగా తీసుకుంటే ‘తల్లిదండ్రులు’ వలె బహువచనం రావాలి. వ్యవస్థ ఒకటే కనుక అదీ కుదరదు. మన ఇంటిపేరు–పేరు పద్ధతి కొంత దగ్గరగా వస్తుంది: ఇంటిపేరు ముందు, పేరు తరువాత, పిలుపులో ఇంటిపేరు లోపిస్తుంది, పత్రంలో నిలుస్తుంది. కాని ఇంటిపేరు పుట్టుకను చెబుతుంది. లినక్స్ ఆ ఇంట పుట్టలేదు, వచ్చి చేరింది. పోలిక ఇల్లరికానికే సరిపడుతుంది. వచ్చిన అల్లుడి పేరుతో ఇల్లు ప్రసిద్ధికెక్కితే, కట్టినవారు తమ పేరు గుర్తుచేయడంలో అసహజమేమీ లేదు.

‘ఫ్రీ’ అన్న విశేషణం విషయంలో తెలుగు ఆంగ్లం కంటే మెరుగైన స్థితిలో ఉంది. ఆంగ్లంలో ఆ ఒక్క మాటకు ‘వెల లేని’, ‘స్వేచ్ఛ గల’ అన్న రెండర్థాలున్నాయి. ఆ సందిగ్ధత కూడా 1998లో ‘ఓపెన్ సోర్స్’ అన్న మరో పేరు పుట్టడానికి ఒక కారణం. తెలుగులో ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. తెలుగు ప్రాంతంలోని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం ఈ తేడాను చక్కగా వినియోగించుకుంది. 2005లో తెలుగులో వెలువరించిన ఆపరేటింగ్ సిస్టమ్‌కు ‘స్వేచ్ఛ’ అని పేరు పెట్టారు. అంతకుముందు ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఆంధ్రప్రదేశ్‌గా ఉన్న సంస్థ తరువాత ఆ పేరునే తనకూ స్వీకరించింది. ఇక్కడ కర్త పేరు కృతికి రాలేదు, కృతి పేరు కర్తకు వచ్చింది. వ్యక్తినామమూ కాక, సంస్థానామమూ కాక, ఆశయమే పేరు కావడం దీని విశిష్టత. కేంద్రప్రభుత్వ సంస్థ సీడాక్ 2007లో వెలువరించిన వ్యవస్థ కూడా ‘బాస్ గ్నూ/లినక్స్’ అన్న పూర్తిపేరును ధరించింది.

7. ముగింపు

ఈ పరిశీలన నుంచి తేలే అంశాలివి. వ్యవహారంలో ‘లినక్స్’ అనడం భాషాదృష్టితో దోషం కాదు. రూఢి, లక్షణ రెండూ దానిని సమర్థిస్తాయి. అయితే పిలవడం వేరు, బోధించడం వేరు. పాఠ్యపుస్తకాలు, విజ్ఞానసర్వస్వాలు, పరిభాషాకోశాలు చరిత్రను చెప్పవలసిన చోట్లు. వాటిలో తొలి ప్రస్తావనలో ‘గ్నూ/లినక్స్’ అని పూర్తిగా రాసి, కేంద్రభాగాన్ని ‘లినక్స్ కెర్నెల్’ అని వేరుచేసి చూపడం ఉచితం. ఆ తరువాత చిన్న పేరు వాడినా అర్థభ్రాంతి ఉండదు. ‘ఫ్రీ సాఫ్ట్‌వేర్’ను ‘ఉచిత సాఫ్ట్‌వేర్’ అని అనువదించడం మాత్రం మానుకోవాలి. పేరులో సంక్షేపం క్షమార్హం, అర్థంలో మార్పు కాదు. వెల లేదన్న సంగతి మాత్రమే విన్న విద్యార్థికి ఆ కోడ్‌ను తెరచి చదివే, మార్చే, పంచే హక్కు తనకుందని తెలియదు. ఈ వివాదంలో నిజంగా పణంగా ఉన్నది ఆ తెలివిడే.

జగ్గయ్యపేటను తిరిగి వేలగిరి అనమని ఎవరూ కోరరు, కోరనక్కరలేదు. ఆ ఊరి చరిత్ర రాసేవారు సిద్ధార్థుడనే శిల్పకారుని పేరు చెప్పకుండా ముగిస్తే మాత్రం ఆ చరిత్ర అసమగ్రం. అతని పేరు రాయి మీద పదిహేడు వందల సంవత్సరాలు నిలిచింది. దానిని మళ్లీ నోటికి తెచ్చినవారు శాసనం చదివినవారు. గ్నూ విషయంలో చదివి చెప్పవలసిన ఆ పని ఉపాధ్యాయులది, గ్రంథకర్తలది.